పాత పికప్‌కి లిఫ్ట్ కిట్టా, పెద్ద టైర్లా? నల్గొండ, పాలమూరు బాటల్లో ఏది పనికొస్తుంది

పాత పికప్‌ని ఎత్తు చేయించాలనుకునేవాళ్ళు షాపుకి వెళ్ళేముందు చేయాల్సిన పని ఒకటుంది. బండి కింద దూరి చూడాలి. ఏ భాగం నేలకు గీసుకుంటోంది, ఎక్కడ పెయింటు పోయి ఇనుము మెరుస్తోంది, ఎక్కడ మట్టి గట్టిగా రుద్దుకుపోయి ఉంది? డబ్బు దేనిమీద పెట్టాలో ఆ గీతలే చెబుతాయి. అది చూడకుండా వేయించిన లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే స్ప్రింగుల, దిమ్మల సెట్టు) బండిని ఎత్తుగా చూపిస్తుంది గానీ, మొన్న ఇరుక్కున్న చోటే రేపూ ఇరుక్కుంటారు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదీ. దేవరకొండ, చింతపల్లి, నాంపల్లి వైపు బత్తాయి తోటల్లోకి, కల్వకుర్తి, అచ్చంపేట వైపు పత్తి చేలల్లోకి పోయే బాటలన్నీ ట్రాక్టర్లు తిరిగిన బాటలే. రెండు వైపులా లోతుగా గాడులు పడి, మధ్యలో గడ్డి మొలిచిన దిబ్బ మిగులుతుంది. ట్రాక్టర్‌కి ఆ దిబ్బ ఒక లెక్క కాదు. పికప్‌కి మాత్రం వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఇరుసుండే గొట్టం) మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు, అంటే గేర్లుండే ఉబ్బు, సరిగ్గా దాని మీదే పోతుంది. చక్రాలు గాడిలో తిరుగుతుంటాయి, గుండు దిబ్బ మీద కూర్చుంటుంది, బండి కదలదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. లిఫ్ట్ కిట్ ఆ గుండును ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేపదు. కిట్ ఏదైనా హౌసింగ్‌కీ చాసీకీ మధ్య ఉన్న ఎత్తునే పెంచుతుంది. హౌసింగ్ మాత్రం చక్రం సెంటర్ ఎక్కడుంటే అక్కడే ఉంటుంది. దాన్ని నేల నుంచి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ టైరు పెరిగిన ఎత్తులో సగమే. కాబట్టి గీతలు గుండు మీద ఉంటే కిట్ సంగతి మర్చిపోయి టైర్ల గురించి ఆలోచించండి. గీతలు చాసీ మీద, సైలెన్సర్ మీద, డీజిల్ ట్యాంకు మీద, ఫుట్ స్టెప్ మీద ఉంటే అప్పుడు ఎత్తు పెంచడంలో అర్థం ఉంది. ఒర్రె దిగేటప్పుడు ముందు బంపర్, ఎక్కేటప్పుడు వెనక బంపర్, కాలువ గట్టు దాటేటప్పుడు బండి నడుము తగులుతున్నా అంతే.

ఇంకో మాట. బండి ఇరుక్కున్న ప్రతిసారీ కారణం ఎత్తే అనుకోకండి. మన ఊళ్ళలో ఉన్న పికప్‌లలో చాలావరకు వెనక చక్రాలు మాత్రమే లాగేవి. ఖాళీ బండికి వెనక బరువు ఉండదు. వాన పడ్డ రేగడిలో ఒక టైరు జారడం మొదలైతే, ఎంత ఎత్తు బండైనా అక్కడే గుంత తవ్వుకుంటుంది. వెనక ఇరుసు పైన నాలుగు ఇసుక బస్తాలు వేసి, టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే కిట్ చేయలేని పని అది చేస్తుంది. తిరిగి రోడ్డెక్కేముందు గాలి మళ్ళీ పట్టించాలి. పన్నెండు వోల్టుల చిన్న కంప్రెసర్ ఒకటి సీటు కింద ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

ముందు పోయిన ఎత్తు తిరిగి తెచ్చుకోండి

పదేళ్ళు బరువు మోసిన బండి కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులో ఉండదు. వడ్ల బస్తాలు, బత్తాయి పెట్టెలు, ఎరువు మూటలు మోసీ మోసీ కమాన్ కట్టల (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) వంపు పోతుంది. ఖాళీ బండిలో కూడా పట్టీలు బల్లపరుపుగా కనిపిస్తున్నాయంటే ఎత్తు అక్కడే పోయిందన్నమాట. సమంగా ఉన్న సిమెంటు నేల మీద బండి ఆపి, చక్రం సెంటర్ నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి నాలుగు వైపులా కొలవండి. కుడి ఎడమల మధ్య తేడా కనిపిస్తే ఒక కట్ట అలసిపోయింది, లేదా అందులో ఒక పట్టీ విరిగింది. విరిగిన పట్టీ పైకి కనిపించకపోవచ్చు. చీపురుతో మట్టి దులిపి, సెంటర్ బోల్టుకు రెండు వైపులా వేలితో తడిమి చూస్తే చీలిక తెలుస్తుంది.

కొత్త ఎత్తు కోసం ఖర్చు పెట్టేముందు ఈ పాత ఎత్తు తెచ్చుకోవడం నా దృష్టిలో తప్పనిసరి. చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది కూడా.

దీనికి రెండు దారులు. ఒకటి, ఉన్న పట్టీలకే మళ్ళీ వంపు కొట్టించడం. మిర్యాలగూడ, సూర్యాపేట లాంటి లారీలు ఎక్కువ తిరిగే ఊళ్ళలో కమాన్ కట్టల పని చేసేవాళ్ళు దొరుకుతారు. కట్ట విప్పి, ఒక్కో పట్టీని దిమ్మె మీద పెట్టి, సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ వంపు తెస్తారు. ఈ పని చల్లగా ఉన్న పట్టీ మీదే జరగాలి. త్వరగా అవుతుందని ఎవరైనా గ్యాస్ మంటతో పట్టీని ఎర్రగా కాల్చి వంచబోతే వెంటనే ఆపండి. ఆ ఉక్కుకు స్ప్రింగు గుణం వచ్చింది ఫ్యాక్టరీలో లెక్క ప్రకారం వేడిచేసి, నూనెలో ముంచి, మళ్ళీ వేడిచేయడం వల్ల. గ్యాస్ మంట తగిలిన చోట ఆ గుణం పోతుంది. తర్వాత అది అక్కడే వంగుతుంది, లేదా అక్కడే విరుగుతుంది. చల్లగా కొట్టించిన వంపు కూడా శాశ్వతం కాదు, బరువు పడేకొద్దీ మళ్ళీ దిగుతుంది.

రెండోది కొత్త కట్టల సెట్టు. ఖర్చు ఎక్కువే. కానీ బండిని ఇంకో నాలుగైదేళ్ళు నడపాలనుకునేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. దాంతోపాటు బుష్‌లు, షాకిల్ (కట్ట చివరని చాసీకి వేలాడదీసే ముక్క) పిన్నులు, షాక్ అబ్జార్బర్లు కూడా మార్చేయండి. కట్టని హౌసింగ్‌కి బిగించే యు బోల్టులు పాతవి మళ్ళీ వాడొద్దు. ఒకసారి బిగించాక అవి సాగుతాయి, రెండోసారి అంత పట్టు ఇవ్వవు. కొత్తవి వేశాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ వెళ్ళి బిగింపు చూపించుకోవాలి. కొత్త కట్టలు సర్దుకునేసరికి నట్లు తప్పకుండా కొంత వదులవుతాయి.

ఎక్స్‌ట్రా పట్టీ, దిమ్మ, షాకిల్

ఇప్పుడు అసలు ఎత్తు కంటే పైకి లేపే సంగతి చూద్దాం.

ఎక్స్‌ట్రా పట్టీ వేయించడం మన దగ్గర అందరికీ తెలిసిన పద్ధతి. వెనక ఒకటి, ఒకటిన్నర అంగుళం లేస్తుంది, బరువుకి కిందికి కూర్చోదు. రోజూ లోడు వేసే బండికి ఇది సరైన పని. ఖాళీగా ఎక్కువ తిరిగే బండికి మాత్రం కాదు, నడుములు విరుగుతాయి. పట్టీ పొడుగ్గా ఉండేదే తీసుకోండి. పొట్టి పట్టీ వేస్తే బరువంతా దాని చివర ఆగిపోతుంది, పైపట్టీ సరిగ్గా ఆ చోట విరుగుతుంది. ఇంకా, పట్టీ వేశామని లోడు పెంచకూడదు. చాసీ, హౌసింగ్, బ్రేకులు, బేరింగులు పాతవే. ఆర్‌సీలో రాసిన బరువు అదే.

దిమ్మ అంటే కట్టకీ హౌసింగ్‌కీ మధ్య పెట్టే ఇనుప బ్లాకు. అన్నిటికంటే చవక. మెత్తదనం మారదు, ఎంత మందం పెడితే అంత ఎత్తు వస్తుంది. అందుకే దీని మీద మోజెక్కువ. దీనికి మూడు షరతులున్నాయి. కట్ట హౌసింగ్‌కి పైన ఉన్న బళ్ళకే ఇది పనికొస్తుంది. కింద వేలాడే కట్టకి దిమ్మ పెడితే బండి ఇంకా కిందికి దిగుతుంది. ముందు ఇరుసుకి దిమ్మ ఎప్పుడూ పెట్టొద్దు, బ్రేకు కొట్టినప్పుడు వచ్చే మెలికకి అది జరిగితే స్టీరింగ్ చేతిలో ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు దిమ్మలు, చెక్క ముక్కలు, వెల్డింగ్ చేసిన పైపు ముక్కలు ఇలాంటివేవీ వద్దు. రెండు అంగుళాలు దాటిన దిమ్మ వేస్తే, లోడుతో గట్టు ఎక్కేటప్పుడు హౌసింగ్ వెనక్కి మెలి తిరిగి, కట్ట ఎస్ ఆకారంలో వంగి, ఇంజిను బలాన్ని వెనక్కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ళు (క్రాసులు) అరిగిపోతాయి. నా మాట వింటే ఒక అంగుళం దగ్గర ఆగండి.

పొడుగు షాకిళ్ళ గురించి ఎక్కువ చెప్పను. రెండు అంగుళాల పొడుగు పెంచితే ఒక అంగుళమే ఎత్తు వస్తుంది, ఎందుకంటే కట్ట రెండో చివర కదలదు. బండి పక్కలకి ఊగడం పెరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు హౌసింగ్‌ని కలిసే కోణం (పినియన్ కోణం) మారుతుంది. ముందు కూడా కట్టలున్న బండికి ముందు షాకిల్ పెంచితే స్టీరింగ్ తిప్పాక తనంతట తాను నేరుగా రావడం తగ్గొచ్చు. వచ్చే లాభానికి ఈ తలనొప్పి ఎక్కువ.

ముందు వైపు

ముందు ఏముందో మీ బండి కింద చూస్తేనే తెలుస్తుంది. కట్టలున్న బళ్ళున్నాయి, టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) ఉన్నవి ఉన్నాయి, ఇసుజు వీ-క్రాస్ లాంటి వాటికి కాయిల్ స్ప్రింగులుంటాయి. ఒకే పేరుతో వచ్చిన బండికే ఏడాదిని బట్టి, మోడల్‌ని బట్టి తేడా ఉంటుంది.

టార్షన్ బార్ ఉంటే బోల్టు తిప్పి ముందు లేపొచ్చు, పైసా ఖర్చు లేదు అని చెబుతారు. లేస్తుంది నిజమే. అయితే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగడానికి మిగిలిన జాగాని మీరు ముందే వాడేసుకున్నట్టు. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్లు కోణంలో పని చేసి త్వరగా అరుగుతాయి. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బండైతే ముందు షాఫ్టుల రబ్బరు బూట్లు చిరుగుతాయి. బూటు చిరిగి గ్రీజు పోయి, అందులోకి మన ఎర్ర దుబ్బ చేరితే జాయింటు ఎన్నాళ్ళో నిలవదు. కాయిల్ పైన పెట్టే స్పేసర్‌కీ ఇదే లెక్క. ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర. ఏ పద్ధతైనా సరే, తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా షాపు నుంచి కదలొద్దు.

బాడీ లిఫ్ట్ అని ఇంకోటి ఉంది, క్యాబిన్‌కీ చాసీకీ మధ్య దిమ్మలు పెట్టడం. పాత బండికి ఇది వద్దే వద్దు. చాసీ నేల నుంచి ఉన్న ఎత్తు మారదు. పైగా స్టీరింగ్ రాడ్, గేర్ లివర్, డీజిల్ పోసే పైపు, రేడియేటర్ ఫ్యాన్ కవరు అన్నీ సర్దాల్సి వస్తుంది. పదేళ్ళు దాటిన క్యాబిన్ మౌంటింగుల్లో తుప్పు లేకుండా ఉండదు కూడా.

కొన్ని బళ్ళకి స్ప్రింగులు, షాకులు, ముందు వెనక ఒకదానికొకటి సరిపోయేలా తయారుచేసిన పూర్తి కిట్లు దొరుకుతాయి. ఎత్తు తప్పనిసరి అనుకుంటే అన్నిటిలో మంచిది ఇదే, ఎందుకంటే షాకు పొడవు, స్ప్రింగు గట్టితనం కలిపి లెక్కేసి చేసి ఉంటారు. కానీ ఖర్చు నాలుగు టైర్ల ఖర్చుని దాటిపోతుంది. బండి పాతదై, దాని రేటే పడిపోయి ఉన్నప్పుడు ఆ కిట్ డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. కొండల్లో రోజూ తిరగాల్సిన పని ఉన్నవాళ్ళకి తప్ప నేను చెప్పను. అచ్చంపేట దాటి మన్ననూరు వైపు వెళ్ళి అడవిలో ఆఫ్‌రోడ్ చేద్దామని కిట్ కొనే కుర్రాళ్ళకి ఒక మాట చెప్పాలి. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రోడ్డు దిగి అడవిలోకి బండి నడపడం నేరం.

టైర్లు

ఎక్కువ మందికి ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

టైరు మీద 215/75 ఆర్ 15 అని ఉంటే, వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు వెడల్పులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే సుమారు 733 అవుతుంది. 30 పెరిగింది, అందులో సగం, అంటే 15 మిల్లీమీటర్లు గుండు పైకి లేస్తుంది. 15 మిల్లీమీటర్లంటే తక్కువనిపిస్తుంది. బాట మధ్య దిబ్బ మీద గడ్డిని ఒరుసుకుంటూ దాటిపోవడానికీ, దాని మీద కూర్చుండిపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

15 అంగుళాల రిమ్ముకే 31 అంగుళాల టైరు వేస్తే ఎత్తు 787 మిల్లీమీటర్లు, గుండు 42 లేస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ 10.5 అంగుళాల వెడల్పున్న ఆ టైరుకి కనీసం ఏడు అంగుళాల రిమ్ము కావాలి, కాబట్టి రిమ్ములు కూడా కొనాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకీ, కొన్నిటిలో చాసీకీ కూడా తగులుతుంది. అప్పుడు లిఫ్ట్ కావాలి. లిఫ్ట్ చేస్తే షాకులు కావాలి. చక్రం దాదాపు 12 శాతం పెద్దదవడంతో నేల దగ్గర లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది, ఫస్టు గేరులో లోడుతో గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ వాసన వస్తుంది. బ్రేకు పట్టు కూడా అలాగే తగ్గుతుంది. మీటరు 80 చూపిస్తుంటే బండి దాదాపు 90లో పోతుంటుంది. 65వ నంబరు హైవే మీద చిట్యాల దగ్గరో, 44వ నంబరు మీద జడ్చర్ల దగ్గరో ఆ తేడాతో బ్రేకు కొట్టాల్సి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. 235 సైజుకైతే 80 చూపినప్పుడు అసలు వేగం 83 దాకానే ఉంటుంది. పెద్ద టైరు వేశాక మైలేజీ బాగా పడిపోయిందని బాధపడేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి, మీటరు కిలోమీటర్లు కూడా తక్కువే తిప్పుతుంది.

అందుకే నా సలహా ఒక్క సైజు పైకి, అదీ మీ బండి పై మోడల్‌కి కంపెనీయే ఇచ్చిన సైజు ఏదైనా ఉంటే అదే. మొత్తం ఎత్తు పెరుగుదల 4 శాతం దగ్గర ఆపితే గేర్లు, బ్రేకులు, మీటరు పెద్దగా దెబ్బతినవు. కొనేముందు అదే సైజు టైరున్న మిత్రుడి బండి నుంచి ఒక చక్రం అడిగి ముందు బిగించి చూడండి. ఆ చక్రాన్ని ఒడ్డు మీదికి ఎక్కించి, స్ప్రింగు బాగా నొక్కుకున్నప్పుడు స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పాలి. చదును నేల మీద తగలని టైరు అక్కడ తగులుతుంది. తగలకుండా ఉంచడానికి చక్రం వెనక స్పేసర్ పెడదాం అంటారు షాపువాళ్ళు, ఒప్పుకోకండి. బరువు బయటికి జరిగి హబ్ బేరింగుల మీద భారం పెరుగుతుంది.

సైజు కంటే ముఖ్యమైనది బరువు నంబరు. సైజు పక్కన 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది, 105 అంటే 925, 110 అంటే 1060. చూడ్డానికి దిట్టంగా ఉన్న ఎస్‌యూవీ టైరు లోడు పికప్‌కి చాలకపోవచ్చు. పాత టైరు మీదున్న నంబరు కంటే తక్కువది ఏ ధరకిచ్చినా తీసుకోవద్దు. మే నెలలో మన రోడ్లు ఎంత కాలుతుంటాయో తెలుసు కదా. గాలి తక్కువున్న టైరు, పైన ఎక్కువ లోడు, కింద కాలే తారు, టైర్లు ఎక్కువగా పేలేది ఈ మూడూ కలిసినప్పుడు. పక్కగోడ మీద నాలుగంకెల తారీకు కూడా చూడండి. 3522 అంటే 2022లో 35వ వారం తయారైంది. హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ సెట్లు చవగ్గా దొరుకుతాయి, గీతలు లోతుగా ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండి ఉంటుంది. గీతల మధ్య సన్నటి పగుళ్ళు కనిపిస్తే వదిలేయండి.

ఇక రకం. హైవే టైరు, ఆల్ టెర్రైన్ (రోడ్డుకీ మట్టికీ కలిపి), మడ్ టెర్రైన్ (బురదకి) అని మూడు. తారు రోడ్డు మీదే ఎక్కువ తిరిగి, వారానికోసారి తోటకి పోయే బండికి మంచి హైవే టైరు చాలు. మడ్ టెర్రైన్ రేగడిలో నిజంగా పని చేస్తుంది, గీతల్లో పేరుకున్న బంకమట్టిని విదిలించుకుంటుంది. అలంపూర్, గద్వాల వైపు నల్లరేగడిలో వానాకాలమంతా పని ఉన్నవాళ్ళకి అది సరే. తారు మీద మాత్రం మోత, త్వరగా అరుగుదల, తడి రోడ్డు మీద ఆగడం కష్టం. మిగతా అందరికీ ఆల్ టెర్రైన్. దానికి నేను ఓటేసేది గీతల కోసం కాదు, పక్కగోడ కోసం. మన చెలకల్లో టైరుని చంపేది బురద కాదు. పలుగురాళ్ళు, సర్కారు తుమ్మ ముళ్ళు, పత్తి కట్టె కొట్టేశాక నేలలో మిగిలే మొనదేలిన మొదళ్ళు, ఇవీ అసలు శత్రువులు. ఆ మొదలు పక్కగోడలో దిగితే పంక్చర్ వేయడానికి కూడా ఉండదు. కొనేటప్పుడు పక్కగోడ పొరలు ఎన్నో అడగండి, బొటనవేలితో నొక్కి చూడండి.

స్పేర్ టైరు కూడా అదే సైజు ఉండాలి. వెనక ఒక పక్క పెద్దది, ఇంకో పక్క చిన్నది వేసి దూరం నడిపితే డిఫరెన్షియల్ లోపలి గేర్లు ఆగకుండా తిరుగుతూ కాలిపోతాయి.

ఎత్తు పెరిగితే ఇంకేం మారుతాయి

పత్తి తోలే బండిని ఎత్తు చేయించాలంటే నేను ఒప్పుకోను. బోరాలు క్యాబిన్ కంటే పైకి పేరుస్తాం. అసలే పైన బరువు. దానికి కింద రెండు అంగుళాలు కలిస్తే, మూల తిరిగేటప్పుడు, ఒక చక్రం గాడిలో దిగినప్పుడు బోల్తా ముప్పు పెరుగుతుంది. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో లోడుతో దిగే బండికీ ఇదే మాట. ఇంకోటి ఎవరూ చెప్పరు. బాడీ నేల మూడు అంగుళాలు పైకి పోతే బస్తా ఎత్తే కూలీల భుజాల మీద ఆ మూడు అంగుళాలు పడతాయి. తోటలో రోజుకి వందల పెట్టెలు ఎక్కించేవాళ్ళని అడిగి చూడండి, అది ఎంత బరువో వాళ్ళు చెబుతారు.

బ్రేకుల దగ్గర ఒకటి కచ్చితంగా చూడాలి. చాలా పికప్‌లకి వెనక చాసీ మీద లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది, దాని నుంచి సన్నటి కమ్మీ ఒకటి హౌసింగ్‌కి వెళ్తుంది. లోడు పడి చాసీ కిందికి దిగితే, ఆ కమ్మీ కదిలి వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెజర్ పంపిస్తుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది, చక్రాలు జామ్ కాకుండా. బండిని రెండు అంగుళాలు లేపి ఆ కమ్మీని అలాగే వదిలేస్తే, లోడు ఉన్నా వాల్వ్‌కి ఖాళీ బండిలాగే కనిపిస్తుంది. వెనక బ్రేకు సగమే పడుతుంది, ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, ఆగే దూరం పెరుగుతుంది. లిఫ్ట్ చేసే మెకానిక్‌ని ఈ వాల్వ్ గురించి అడగండి. ఆయనకి దాని సంగతి తెలియకపోతే ఆ పని అక్కడ చేయించొద్దు. బ్రేకు రబ్బరు పైపులు కూడా చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బిగుసుకుపోకుండా పొడవు చాలాలి.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడాగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది, అక్కడ టైరు సైజు, ఎత్తు కంటపడతాయి. కాబట్టి లిఫ్ట్ అనుకున్నప్పుడు ముందు ఆర్‌టీఏ ఆఫీసులో అడిగి, అనుమతి ఉంటేనే ముందుకు పోండి. ఇన్సూరెన్సు వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా చేసిన మార్పు వల్ల ప్రమాదమప్పుడు క్లెయిమ్ ఆగిపోతే ఇల్లు గుల్లవుతుంది. అరిగిన కట్టల స్థానంలో కంపెనీ కొలతల కొత్త కట్టలు, కంపెనీ ఇచ్చిన సైజులోనే ఆల్ టెర్రైన్ టైర్లు వేసుకోవడానికి ఈ గొడవేదీ లేదు. వాటినే ముందుగా చెప్పడానికి అదీ ఒక కారణం.

పని అయ్యాక

చక్రాల నట్లు వంద కిలోమీటర్లలోపు ఒకసారి మళ్ళీ బిగించండి. మొదటి వారం ఖాళీగా, తర్వాత సగం లోడుతో నడపండి. టైరు లోపలి పక్క, మడ్‌గార్డు లైనింగు మీద కొత్త గీతలు పడ్డాయేమో చూస్తుండండి.

హెడ్‌లైట్లు తప్పకుండా దించాలి. ముందు లేచిన బండి లైటు ఎదురుగా వచ్చే బైకువాడి కళ్ళలో పడుతుంది. రాత్రి పూట దేవరకొండ రోడ్డు మీద, డివైడర్ లేని చోట, ఆ వెలుతురులో అతనికి పక్కన నడిచే మనిషి కూడా కనపడడు. పనికి ముందే ఒక సాయంత్రం బండిని గోడకి ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలిపి, డిమ్ లైటు పై అంచు గోడ మీద ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీయండి. ఎత్తు పెరిగాక అదే చోట నిలిపి, లైటు వెనకున్న స్క్రూ తిప్పి అంచుని ఆ గీతకి దించండి. వెనక లోడు వేసినప్పుడు ముందు ఇంకా లేస్తుంది, కాబట్టి లోడుతో కూడా ఒకసారి చూసి, అవసరమైతే గీత కంటే నాలుగు వేళ్ళు కిందే ఉంచండి.